నాలుగు పోర్టులు, ఒక తీగ: పర్లాకిమిడి ప్రాజెక్టు డైరీ

జూలై 4

మూడు పెట్టెలూ, అంటే మూడు చిన్న కంప్యూటర్లూ, ఈ రోజు చేతికి వచ్చాయి. ఒక్కోటి అరచేతి కంటే కాస్త పెద్దది. ఫ్యాను లేదు, పైనంతా వేడిని బయటకు పంపే అల్యూమినియం రెక్కలు. లోపల ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, వెనుక వరుసగా నాలుగు నెట్‌వర్క్ పోర్టులు. నాలుగూ ఇంటెల్ ఐ226 రకానివి, సెకనుకు 2.5 గిగాబిట్ల వేగం. ఒక పెట్టె మన ఊరి పఠన మందిరానికి, ఒకటి కాశీనగరానికి, ఒకటి గుణుపూరుకు. స్కాన్ చేసిన తెలుగు, ఒడియా పుస్తకాలు వీటిలో ఉంటాయి. ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా, పఠన మందిరానికి వచ్చిన పిల్లలు తమ ఫోనులో పుస్తకం తెరిచి చదువుకోగలగాలి.

ఈ పని ఒప్పుకున్నప్పుడే నేను ఒక షరతు పెట్టుకున్నాను. పెట్టెలో డిస్కు పాడైతే నేను అక్కడికి వెళ్లనవసరం లేకుండా అది తిరిగి లేవాలి. వానాకాలంలో గుణుపూరు వెళ్లి రావడమంటే ఒక రోజంతా పోతుంది. అందుకే ప్రతి చోటా రాస్ప్‌బెర్రీ పై అనే ఇంకో బుల్లి కంప్యూటర్ కూడా పెడుతున్నాం. పునరుద్ధరణకు కావలసిన ఫైళ్లు దానిలో ఉంటాయి, నెలకొకసారి కొత్తవి దింపుకుంటుంది. పెట్టె లేవకపోతే, దానికి ఎప్పుడూ గుచ్చి ఉండే యూఎస్‌బీ పుల్ల నుంచి ఫర్మ్‌వేర్ షెల్ (లినక్స్ లేకుండానే ఆదేశాలు తీసుకునే తెర) తెరుచుకుంటుంది. ఆ షెల్, రాస్ప్‌బెర్రీ పై నుంచి లినక్స్ కెర్నెల్‌ను, అంటే లినక్స్‌లో అసలు భాగాన్ని, తెచ్చుకుని నడుపుతుంది. లినక్స్ కెర్నెల్ 3.3 నుంచి, అంటే 2012 నుంచి, బూట్‌లోడర్ లేకుండా నేరుగా యూఈఎఫ్‌ఐ (ఈ పెట్టెల ఫర్మ్‌వేర్ పద్ధతి) షెల్ నుంచే నడవగలదు కాబట్టి ఈ ఆలోచన సాధ్యమే.

ఆదేశాలను ఈ డైరీలో తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. గీత పక్కన ఉన్న అక్షరం ఇంగ్లీషు అక్షరమని గుర్తుంచుకుంటే చాలు.

పని చేసే చోటు చిన్నాన్న గారి ఎలక్ట్రికల్ దుకాణం వెనుక గది. రేపు బాహుడా, జగన్నాథుడి తిరుగు రథయాత్ర. వీధిలో జనం ఇప్పటికే మొదలయ్యారు. రేపు దుకాణం తెరవరు, కాబట్టి బల్ల మొత్తం నాదే.

జూలై 5

యూఎస్‌బీ పుల్లను ఫ్యాట్32గా సిద్ధం చేసి షెల్ ఫైలు పెట్టాను. సెటప్‌లో సెక్యూర్ బూట్ ఆపితేగాని షెల్ తెరుచుకోలేదు. సంతకం లేని ఫైలును ఫర్మ్‌వేర్ నడపదు, అది సరైన పనే. చివర్లో మా సొంత తాళంతో సంతకం చేసి సెక్యూర్ బూట్ మళ్ళీ పెట్టాలని పక్కన రాసుకున్నాను.

షెల్ వచ్చింది. మొదటి ఆదేశం ఇఫ్‌కాన్ఫిగ్ -ఎల్. ఉన్న నెట్‌వర్క్ ఇంటర్‌ఫేసులన్నిటినీ చూపించాలి. ఏమీ చూపలేదు. తప్పు సందేశం కూడా లేదు, తర్వాతి ఆదేశం కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

మొదటి కారణం సులభంగానే దొరికింది. సెటప్‌లో నెట్‌వర్క్ స్టాక్ అనే అంశం ఆపి ఉంది. చాలా బోర్డుల్లో మొదటి నుంచీ అలాగే వస్తుంది. నెట్‌వర్క్ ద్వారా బూట్ కావాలనుకునే వారు తక్కువ, అది తెరిచి ఉంటే బూట్‌కు ఎక్కువ సమయం పడుతుంది. దాన్నీ, దాని కింద ఉన్న ఐపీవీ4 అంశాన్నీ తెరిచి మళ్ళీ షెల్‌లోకి వచ్చాను. ఇఫ్‌కాన్ఫిగ్ -ఎల్. మళ్ళీ ఖాళీ.

ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. డ్రైవర్స్ అనే ఆదేశం కొడితే ఇంటెల్ నెట్‌వర్క్ డ్రైవర్ జాబితాలో ఉంది. కానీ అది ఎన్ని పరికరాలను చూసుకుంటోందో చెప్పే వరుసలో ఒక్కటీ లేదు. డ్రైవర్ ఇంట్లోనే ఉంది, పని అప్పగించిన వారు లేరు. యూఈఎఫ్‌ఐ పద్ధతి ఇదే: డ్రైవర్ మెమరీలోకి వచ్చినంత మాత్రాన పరికరాన్ని పట్టుకోదు. ఎవరో ఒకరు దాన్ని ఆ పరికరానికి జతచేయాలి. త్వరగా బూట్ కావడం కోసం ఫర్మ్‌వేర్ తనకు అవసరమైన వాటినే జతచేస్తుంది. యూఎస్‌బీ పుల్ల నుంచి లేస్తున్నప్పుడు నెట్‌వర్క్ దానికి అవసరం లేదు.

కనెక్ట్ -ఆర్ అని కొట్టాను. రెండు మూడు సెకన్ల తర్వాత ఇఫ్‌కాన్ఫిగ్ -ఎల్. ఈసారి నాలుగూ వచ్చాయి: ఈథ్0, ఈథ్1, ఈథ్2, ఈథ్3. ఒక్కోదాని కింద తీగ ఉందా లేదా, చిరునామా ఎలా వస్తోంది, మ్యాక్ చిరునామా (ప్రతి పోర్టుకూ తయారీలోనే ఇచ్చే గుర్తింపు), ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే వరుసగా ఉన్నాయి. చివరి మాట చదివేసరికి బయట రథం డప్పులు మోగుతున్నాయి. ఈ రోజుకు చాలు అనిపించింది.

జూలై 6

ఈ రోజు వెంటనే పని అవుతుందనుకున్నాను. పెట్టె వెనుక పోర్టుల మీద 0, 1, 2, 3 అని అచ్చు వేసి ఉంది. 0లో నా ల్యాప్‌టాప్ తీగ పెట్టాను, ప్రస్తుతానికి ల్యాప్‌టాపే రాస్ప్‌బెర్రీ పై పాత్ర పోషిస్తోంది. 3లో దుకాణం ఇంటర్నెట్ రౌటర్ తీగ పెట్టాను, అది గోడకు దగ్గరగా ఉంటుంది. మిగతా రెండూ ఖాళీ.

రౌటర్ అందరికీ 192.168.1తో మొదలయ్యే చిరునామాలే ఇస్తుంది. తొందరలో ల్యాప్‌టాప్ తీగ వైపు కూడా అదే వరుసలో 192.168.1.10 అని పెట్టాను. పెట్టెలో ఈథ్0కి ఇలా ఇచ్చాను:

ఇఫ్‌కాన్ఫిగ్ -ఎస్ ఈథ్0 స్టాటిక్ 192.168.1.60 255.255.255.0 192.168.1.1

తర్వాత, అవతలి యంత్రం జవాబిస్తుందో చూసే పింగ్ ఆదేశం: పింగ్ 192.168.1.10. పదికి పది జవాబులు. ఆనందంగా ఫైలు తెచ్చే ఆదేశానికి వెళ్లాను: టీఎఫ్‌టీపీ -ఐ ఈథ్0 192.168.1.10, ఆ తర్వాత కెర్నెల్ ఫైలు పేరు. దాదాపు అర నిమిషం ఆగి, ఫైలు పరిమాణం తెలుసుకోలేకపోయానని చెప్పింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే.

సాయంత్రం వరకు ల్యాప్‌టాప్ వైపు తప్పు వెతికాను. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాముతో టీఎఫ్‌టీపీ నడుపుతున్నాను. ఫైలు అనుమతులు చూశాను. ఫైర్‌వాల్ ఆపి చూశాను. ఫైలు పేరు ఒక్కో అక్షరం సరిచూశాను. ల్యాప్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కే అడిగితే ఫైలు వస్తోంది. పెట్టె అడిగితే రావడం లేదు. పింగ్ మాత్రం ప్రతిసారీ సరిగ్గా వెళ్లి వస్తోంది. దారి బాగానే ఉందని నేను గట్టిగా నమ్మాను, అందుకే దారి వైపు మళ్ళీ చూడలేదు.

జూలై 7

ఈ రోజు జరిగింది వివరంగా రాసుకుంటాను.

దుకాణం తెరిచాక చిన్నాన్న వెనక గదికి వచ్చి, కాసేపు నా వెనుక నిలబడి చూశారు. ఆయనకు నెట్‌వర్క్ తెలియదు. ఇళ్లకు వైరింగ్ చేయడం ముప్పై ఏళ్లుగా ఆయన పని.

"ఏది పనిచేస్తోంది, ఏది చేయడం లేదు?" అని అడిగారు.

"ఈ తీగలోంచి కబురు వెళ్లి వస్తోంది చిన్నాన్నా. సరుకు మాత్రం రావడం లేదు."

"కబురు ఈ తీగలోంచే వెళ్తోందని నీకెలా తెలుసు?"

"0లో ఉన్న తీగ ఇదే కదా, ఈథ్0 మీద పింగ్ చేస్తున్నాను."

"పాత ఇంట్లో పనికి వెళ్తే మెయిన్ బోర్డు మీద రాసి ఉన్న పేర్లను నేను నమ్మను. ఏ ఫ్యూజు పీకితే ఏ గది దీపం ఆరుతుందో పీకి చూస్తాను. ఇదీ ఒకసారి పీకి చూడరాదూ?"

పింగ్‌కు -ఎన్ 100 అని ఇచ్చి నడుస్తుండగా 0లో ఉన్న తీగ లాగేశాను. పింగ్ ఆగలేదు. ఒక్క జవాబు కూడా తప్పలేదు. నేను తీగ కొస చేతిలో పట్టుకుని తెర వైపు చూస్తూ ఉండిపోయాను. చిన్నాన్న ఏమీ అనలేదు, గోడ దగ్గర 3లో ఉన్న తీగను చూపించారు. దాన్ని లాగాను. పింగ్ ఆగిపోయింది.

ఈథ్0 అంటే అచ్చు వేసిన 0 కాదు. అది 3. పింగ్ వెళ్తున్నది ఇంటర్నెట్ రౌటర్ వైపు.

అది తేలాక అసలు ప్రశ్న మిగిలింది. రౌటర్ వైపు వెళ్లిన పింగ్‌కు నా ల్యాప్‌టాప్ ఎలా జవాబిచ్చింది? ల్యాప్‌టాప్ వైఫై ద్వారా అదే రౌటర్‌కు కలిసి ఉంది, అక్కడ దాని చిరునామా 192.168.1.23. పెట్టె "192.168.1.10 ఎవరు?" అని రౌటర్ వైపు అరిచింది. ఆ ఏఆర్‌పీ కేక వైఫై మీదుగా ల్యాప్‌టాప్‌కు చేరింది. లినక్స్‌లో మొదటి నుంచీ ఉన్న అమరిక ప్రకారం, తన దగ్గర ఉన్న ఏ ఐపీ చిరునామా గురించి అడిగినా, ప్రశ్న ఏ ఇంటర్‌ఫేస్ మీద వచ్చినా "నేనే" అని చెబుతుంది. 192.168.1.10 తీగ పోర్టుది. అయినా వైఫై నుంచి "నేనే" అని చెప్పింది. పింగ్ అదే దారిలో వెళ్లి వచ్చింది.

టీఎఫ్‌టీపీ ఎందుకు రాలేదంటే, డీఎన్‌ఎస్‌మాస్క్‌కు తీగ ఇంటర్‌ఫేస్ మీద మాత్రమే పనిచేయమని నేనే చెప్పాను. వైఫై మీద వచ్చిన అభ్యర్థనను అది చప్పుడు చేయకుండా పక్కన పారేసింది. వచ్చే పోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌తో రెండు ఇంటర్‌ఫేసులనూ పక్కపక్కన చూశాను. వైఫై మీద అభ్యర్థనలు వరుసగా వస్తున్నాయి. తీగ మీద ఏమీ లేదు.

చిన్న తప్పులు రెండు కలిసి ఒకదాన్నొకటి కప్పిపుచ్చాయి. పేరు ఒకటే పొరబడి ఉంటే పింగ్ రాకపోయేది, అప్పుడే తెలిసేది. రెండు వైపులా ఒకే సబ్‌నెట్ (ఒకే చిరునామాల వరుస) పెట్టడం వల్ల తప్పు పోర్టు కూడా సరైన జవాబు తెచ్చిపెట్టింది. నిన్నటి రోజంతా అక్కడ పోయింది.

జూలై 8

పేర్ల సంగతి తేల్చుకునే పని. తీగలన్నీ పీకేసి, ఒకే ఒక్క తీగను ఒక్కో పోర్టులో పెడుతూ ఇఫ్‌కాన్ఫిగ్ -ఎల్ చూశాను. తీగ పెట్టిన వెంటనే చూస్తే లేదనే చెబుతోంది. అటూ ఇటూ వేగం ఒప్పందం కుదరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి చూస్తే సరిపోయింది.

మొదటి పెట్టెలో వరుస పూర్తిగా తిరగబడి ఉంది. అచ్చు వేసిన 0 ఈథ్3, 1 ఈథ్2, 2 ఈథ్1, 3 ఈథ్0. ఫర్మ్‌వేర్‌లో ఈ పేర్లు పోర్టు స్థానాన్ని బట్టి రావు. ఏ ఇంటర్‌ఫేస్ ముందు జత అయితే దానికి ముందు అంకె. పరీక్ష కోసం డిస్‌కనెక్ట్‌తో రెండు పోర్టులను విడదీసి, వెనుకది ముందు జతచేశాను. పేర్లు మారిపోయాయి. మారనిది మ్యాక్ చిరునామా ఒక్కటే.

లినక్స్ లేచాక ఇవే పోర్టులకు పీసీఐ స్థానాన్ని (బోర్డులో అవి కలిసిన చోటును) బట్టి వేరే పేర్లు వస్తాయి. అంటే ఒకే రంధ్రానికి మూడు పేర్లు: పెట్టె మీద అచ్చు, ఫర్మ్‌వేర్ పేరు, లినక్స్ పేరు. మా ఊరికి ఇది కొత్త కాదు. 1900లో నౌపడా నుంచి చిన్న రైలు వచ్చిన ఊరిని మేం పర్లాకిమిడి అంటాం, స్టేషన్ బోర్డు మీద పారలాఖెముండి అని ఉంటుంది. పాతపట్నం వైపు నుంచి వచ్చే బస్సులో ఒకరు ఒక పేరు, ఇంకొకరు ఇంకో పేరు చెబుతారు. కండక్టరు ఇద్దరికీ ఒకే టికెట్టు ఇస్తాడు.

చిన్నాన్న దగ్గరున్న ఇన్సులేషన్ టేపు ముక్కలతో పోర్టులకు గుర్తులు పెట్టాం. రాస్ప్‌బెర్రీ పైకి వెళ్లే తీగకు, అంటే రక్షణ తీగకు ఎరుపు, పఠన మందిరం స్విచ్చికి ఆకుపచ్చ, ఇంటర్నెట్‌కు నలుపు. టేపు కింద మ్యాక్ చిరునామాలోని చివరి రెండు అక్షరాలు రాశాం. ఎర్ర పోర్టుకు 1ఎఫ్, నల్ల పోర్టుకు 1సీ.

ఇంకో విషయం, మరచిపోకుండా. ఇఫ్‌కాన్ఫిగ్ జాబితాను యూఎస్‌బీలో ఫైలుగా దాచుకుంటే ల్యాప్‌టాప్‌లో అక్షరాల మధ్య చెత్త కనిపించింది. షెల్ మామూలు మళ్లింపు గుర్తుతో రాస్తే ప్రతి అక్షరానికి రెండు బైట్లు వాడుతుంది. ఆ గుర్తు పక్కనే ఏ అనే అక్షరం చేరిస్తే సాదా ఆస్కీలో రాస్తుంది. మూడు పెట్టెల జాబితాలూ అలా దాచాను.

జూలై 10

సబ్‌నెట్లు విడదీశాను. ఇంటర్నెట్ వైపు రౌటర్ ఇచ్చే 192.168.1 వరుస అలాగే. పఠన మందిరం వైపు 192.168.50. రక్షణ తీగ వైపు 192.168.60. ఇది మొదటి రోజే చేయాల్సింది.

ఫర్మ్‌వేర్‌లో నెట్‌వర్క్ గురించి నాకు ఇప్పుడు కుదిరిన అవగాహన ఇది. లినక్స్‌లో ఇంటర్‌ఫేసులన్నిటికీ కలిపి కెర్నెల్ ఒక దారుల పట్టిక పెట్టుకుంటుంది, ఏ ప్యాకెట్ ఎటు పోవాలో అదే తేలుస్తుంది. ఫర్మ్‌వేర్‌లో అలా ఉండదు. ప్రతి పోర్టుకూ దాని సొంత ఐపీ చిరునామా, సొంత గేట్‌వే, సొంత దారుల పట్టిక. ఒక పోర్టుకు పక్క పోర్టు ఉనికే తెలియదు. మధ్యలో కూర్చుని తీర్పు చెప్పేవారు లేరు కాబట్టి ఆ పని మనమే చేయాలి. పింగ్‌కు -ఎస్ తర్వాత మూల చిరునామా ఇవ్వాలి, టీఎఫ్‌టీపీకి -ఐ తర్వాత ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వాలి. ఇవ్వకపోతే షెల్ తనకు తోచినట్టు వెతుక్కుంటుంది. టీఎఫ్‌టీపీ అయితే ఇంటర్‌ఫేసులను ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తుంది. జవాబు రాని పోర్టు మీద ఆరుసార్లు అడిగి, ఒక్కోసారి నాలుగు సెకన్లు ఎదురుచూస్తుంది. మొన్నటి ఆ అర నిమిషం అదే.

చెప్పకుండా వదిలేసినప్పుడు పని జరిగితే, అది ఏ దారిలో జరిగిందో తెలియదు. కాబట్టి స్క్రిప్టులో ఒక్క చోట కూడా -ఎస్, -ఐ లేకుండా రాయకూడదని నిర్ణయించుకున్నాను.

మధ్యాహ్నం ఇంకో సంగతి బయటపడింది. పెట్టెను పూర్తిగా ఆపి, మళ్ళీ లేపి చూస్తే ఈథ్0కి ఇంకా పాత 192.168.1.60 ఉంది. నేను సెషన్‌లో పెట్టింది సెషన్‌తో పోతుందనుకున్నాను. పోదు. ఇఫ్‌కాన్ఫిగ్‌తో పెట్టిన చిరునామాను ఫర్మ్‌వేర్ తన ఎన్‌వీర్యామ్‌లో (కరెంటు పోయినా చెరగని జ్ఞాపకంలో), ఆ పోర్టు మ్యాక్ చిరునామా పేరు మీద దాచుకుంటుంది. డిస్కు మార్చినా, యూఎస్‌బీ మార్చినా అది అక్కడే ఉంటుంది. ఇదే తెలియక ముందుకు వెళ్లి ఉంటే, కాశీనగరంలో ఎవరి ఫోనుకో రౌటర్ అదే 60 ఇచ్చి, ఇద్దరికీ గొడవ అయ్యేది.

ఆ పాత చిరునామా తీసేయడానికి ఇఫ్‌కాన్ఫిగ్ -ఆర్ కొట్టాను. అది ఇంటర్‌ఫేస్‌ను డీహెచ్‌సీపీకి, అంటే చిరునామాను రౌటర్ లాంటి యంత్రం నుంచి తీసుకునే పద్ధతికి, మార్చి కొత్తగా చిరునామా అడిగిస్తుంది. నేను పక్కన ఇంటర్‌ఫేస్ పేరు ఇవ్వలేదు. నాలుగు పోర్టులూ డీహెచ్‌సీపీకి వెళ్లిపోయాయి. ఉదయం కష్టపడి పెట్టిన రక్షణ చిరునామా కూడా పోయింది. పేరు రాయడం మరిచిన ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది, అది గమనించుకోవాలి.

జూలై 13

రెండు రోజులు వాన. కరెంటు పోయి వస్తూ ఉంది. యూపీఎస్ మీద పెట్టె ఒక్కటే పెట్టి స్క్రిప్టు రాశాను.

ఇబ్బంది ఇది. స్క్రిప్టుకు మ్యాక్ చిరునామా తెలిసినా, ఈ రోజు ఆ చిరునామా ఏ ఈథ్ అంకె కింద ఉందో తెలుసుకోవడం షెల్‌లో కష్టం. ఒక పేరును స్థిరంగా స్క్రిప్టులో రాసేస్తే, రేపు ఎవరైనా యూఎస్‌బీ నెట్‌వర్క్ పరికరం గుచ్చితే అంకెలు మారవచ్చు. అందుకే పేరును నమ్మని పద్ధతిలో రాశాను. నాలుగు పోర్టులనూ వరుసగా ఒక్కోదాన్నీ పరీక్షిస్తుంది. పోర్టుకు 192.168.60.2 ఇస్తుంది. కొన్ని సెకన్లు ఆగుతుంది. స్టాల్ ఆదేశం మైక్రోసెకన్లలో అడుగుతుంది కాబట్టి ఐదు సెకన్లకు 5000000 అని రాయాలి. ఆ పోర్టు పేరుతోనే రాస్ప్‌బెర్రీ పై నుంచి ఒక చిన్న గుర్తు ఫైలు అడుగుతుంది. ఫైలు యూఎస్‌బీలోకి వచ్చిందా అని చూస్తుంది. వస్తే అదే రక్షణ తీగ. రాకపోతే ఆ పోర్టును, ఈసారి పేరుతో సహా, డీహెచ్‌సీపీకి తిప్పి తర్వాతి పోర్టుకు వెళ్తుంది.

గుర్తు ఫైలు పాతది యూఎస్‌బీలో మిగిలి ఉంటే మొదటి పోర్టులోనే దొరికినట్టు పొరబడుతుంది. అందుకే వరుస మొదలుపెట్టే ముందు దాన్ని చెరిపేయాలి. మొదటి సారి నేను ఆ వాక్యం రాయలేదు, స్క్రిప్టు ఈథ్0లోనే దొరికిందని చెప్పింది. ఎర్ర తీగ పీకి మళ్ళీ నడిపాను. అప్పుడూ దొరికిందనే చెప్పింది. చిన్నాన్న పరీక్ష ఇక్కడ రెండోసారి పనికి వచ్చింది.

ఇంకో జాగ్రత్త. చిరునామా పెట్టిన ప్రతిసారీ ఎన్‌వీర్యామ్‌లో రాత జరుగుతుంది. ఆ ఫ్లాష్ చిప్‌కు రాతల పరిమితి ఉంటుంది. రోజూ బూట్ అయినప్పుడల్లా ఈ వరుస నడిపితే ఆ చిప్‌ను ఊరికే అరగదీసినట్టు. అందుకే డిస్కులోని అసలు లినక్స్ కనిపించనప్పుడు మాత్రమే ఇది మొదలవుతుంది. కనిపిస్తే స్క్రిప్టు నెట్‌వర్క్ జోలికే పోదు.

జూలై 16

ఫైళ్లు తెచ్చే వేగం. కెర్నెల్ చిన్నదే, త్వరగా వస్తుంది. దాని వెంట వచ్చే ఇనిట్‌ఆర్‌డీ (లినక్స్ లేవడానికి మొదట కావలసిన ఫైళ్ల మూట) 60 మెగాబైట్లు. టీఎఫ్‌టీపీ 1992 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1350 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) పద్ధతిలో ఒక్కోసారి 512 బైట్లు పంపి, అందిందన్న జవాబు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. 60 మెగాబైట్లకు 1,22,880 ముక్కలు, అన్నే జవాబులు. ముక్క అంకెకు 16 బిట్లే ఉంటాయి కాబట్టి 65,535 దాటాక లెక్క మళ్ళీ మొదటి నుంచి తిరగాలి. అలా తిరిగినప్పుడు రెండు వైపులా ఒకేలా అర్థం చేసుకుంటాయన్న నమ్మకం మీద పునరుద్ధరణను ఆధారపెట్టడం నాకు ఇష్టం లేదు.

1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2348 ముక్క పరిమాణాన్ని మాట్లాడుకునే వీలు ఇచ్చింది. షెల్‌లో టీఎఫ్‌టీపీకి -ఎస్ అదే. పింగ్‌లో -ఎస్ అంటే మూల చిరునామా, ఇక్కడ ముక్క పరిమాణం. రెండింటినీ కలగలపకూడదు. ఈథర్నెట్ ప్యాకెట్‌లో 1500 బైట్లు పడతాయి. ఐపీకి 20, యూడీపీకి 8, టీఎఫ్‌టీపీకి 4 తీసేస్తే 1468 మిగులుతుంది. ఆ పరిమాణంతో ఇనిట్‌ఆర్‌డీ 42,858 ముక్కల్లో ముగుస్తుంది, అంకె తిరగాల్సిన అవసరమే రాదు. అంతకు ముందు టీ తాగి వచ్చేంత సేపు పట్టేది. ఇప్పుడు నిలబడి చూస్తుండగానే అయిపోతోంది.

కెర్నెల్‌ను పిలిచేటప్పుడు ఇనిట్‌ఆర్‌డీ దారిలో వెనక్కి వాలిన గీతలు వాడాలి. నేను లినక్స్ అలవాటులో ముందుకు వాలినవి రాసి, ఫైలు దొరకలేదని ఒక గంట వెతికాను.

జూలై 19

మూడో పెట్టె. బయటికి మిగతా రెండింటిలాగే ఉంది, పోర్టులూ అవే. అచ్చు వేసిన 0 దీనిలో ఈథ్0. వరుస తిరగబడలేదు. సెటప్ తెరలో ఫర్మ్‌వేర్ తేదీ చూస్తే మిగతా రెండింటి కంటే పాతది. స్క్రిప్టు పేర్లను నమ్మడం లేదు కాబట్టి దానిలో ఒక్క అక్షరం మార్చకుండా ఎర్ర తీగను పట్టుకుంది. ఈ డైరీలో ఇంతవరకు నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన సాయంత్రం ఇదే.

ఈ పెట్టెలో టేపులు మొదటి పెట్టె చూసి అతికించడం వల్ల తప్పు పోర్టుల మీద ఉన్నాయి. తీసేసి, ఒక్కో తీగ పెట్టి చూసుకుంటూ మళ్ళీ అతికించాం. చిన్నాన్న ఈసారి కాశీనగరం పెట్టె టేపు మీద కూడా తెలుగులోనూ ఒడియాలోనూ రాశారు, అక్కడ పెట్టెను చూసుకునే కుర్రవాడు ఒడియా బడిలో చదువుకున్నాడు.

జూలై 26

కాశీనగరంలో రెండో పెట్టె పెట్టి వచ్చాం. వంశధారలో నీరు బాగా ఉంది, వంతెన మీద కాసేపు ఆగి చూశాం. పఠన మందిరంలో రాస్ప్‌బెర్రీ పై, పెట్టె, స్విచ్చి ఒకే బల్ల మీద పెట్టాం.

డిస్కులోని అసలు లినక్స్‌ను కావాలనే చెరిపేసి, ఆ కుర్రవాడిని పెట్టె ఆన్ చేయమన్నాం. మేం ముట్టుకోలేదు. షెల్ ఐదు సెకన్లు లెక్కపెట్టి స్క్రిప్టు మొదలుపెట్టింది. ఈథ్0 మీద జవాబు లేదు. ఈథ్1 లేదు. ఈథ్2 లేదు. ఈథ్3 దగ్గర గుర్తు ఫైలు దొరికింది. కెర్నెల్, ఇనిట్‌ఆర్‌డీ వచ్చాయి, లినక్స్ లేచి డిస్కును మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. ఖాళీ పోర్టుల మీద టీఎఫ్‌టీపీ ఎదురుచూపులకే ఎక్కువ సమయం పోయింది. గుర్తు ఫైలు అడిగేటప్పుడు -సీ 2 అని ఇచ్చి ప్రయత్నాలను రెండుకు తగ్గిస్తే బాగుంటుంది, అది ఈ వారం చేస్తాను.

అంతా అయ్యాక చిన్నాన్న ఆ కుర్రవాడి చేత ఎర్ర తీగ పీకించి మళ్ళీ ఒకసారి నడిపించారు. ఈసారి నాలుగు పోర్టులూ వెతికి, రక్షణ తీగ దొరకలేదని తెర మీద రాసి ఆగిపోయింది. "ఇప్పుడు పెట్టు" అన్నారు. వాడు తీగ గుచ్చాడు.

గుణుపూరు పెట్టెకు సెక్యూర్ బూట్ సంతకం ఇంకా చేయాలి. అది అయ్యాకే తీసుకెళ్తాం.